కలకత్తాలో పూటల లెక్క

విశాఖ నుంచి కలకత్తా ఒక్క రాత్రి రైలు ప్రయాణం. అంత దగ్గర కాబట్టే కాబోలు, నలభై దాటినా నేను వెళ్లలేదు. జనవరిలో మూడు రోజులు సెలవు కుదిరితే అమ్మను తీసుకుని బయలుదేరాను. నాకు అక్కడి తిండి మీద మోజు. అమ్మ శాకాహారి, పైగా దక్షిణేశ్వరం కాళీ గుడి చూడాలని ఎప్పటి నుంచో కోరిక. ఒకే ప్రయాణంలో ఈ రెండూ సర్దడమే నాకు పడ్డ పని.

కంప్యూటర్‌లో గళ్లు గీసి పట్టిక తయారు చేశాను. శని, ఆది, సోమ. మూడు రోజుల్లో ఇరవై రెండు చోట్లు! ఆఫీసులో నా పక్క సీటులో ఒక బెంగాలీ ఆయన ఉన్నారు. ఆయనకు గర్వంగా చూపిస్తే పెన్ను తీసి కొట్టివేతలు మొదలుపెట్టారు. సోమవారం ఇండియన్ మ్యూజియం మూసి ఉంటుంది, విక్టోరియా మెమోరియల్ లోపలి గదులూ అంతే. ఆదివారం కాలేజ్ స్ట్రీట్‌లో పుస్తకాల కొట్లు చాలావరకు తెరవరు. అంటే నేను ఎంచుకున్న మూడు రోజుల్లో రెండు దండగ. "చూసే చోట్లు రాశారు గానీ తినే వేళలు రాయలేదు. మా ఊళ్లో ప్రతి తిండికీ ఒక పూట ఉంటుంది, అది దాటితే దొరకదు" అన్నారు.

దాంతో పట్టిక తిరగేశాను. ముందు పూటలు, వాటిలో తిండి, ఆ చుట్టుపక్కల చూడదగ్గవి. గురువారం సాయంత్రం బయలుదేరి ఆదివారం రాత్రి తిరుగు రైలు. టికెట్లు మునుపటిలా 120 రోజుల ముందు కాదు, 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే ఇస్తున్నారు. రోజులు లెక్కపెట్టుకుని ఆ ఉదయమే తీసుకున్నాను. ఇరవై రెండు చోట్లు తొమ్మిదికి దిగాయి. అవీ ఎక్కువేనని తర్వాత తెలిసింది.

హౌరాలో దిగి మెట్రో ఎక్కాం. 2024 మార్చి నుంచి అది గంగ పాయ అయిన హుగ్లీ నది కింద నుంచి వెళ్తోంది. నది కింద ఉన్నంతసేపూ సొరంగం గోడల మీద నీలం వెలుగు. నిమిషమైనా పట్టదు. అమ్మ మాత్రం "గంగ కింద నుంచి వెళ్తున్నామా?" అంటూ కూర్చునే దణ్ణం పెట్టుకుంది.

ఆమె భోజనం గురించి నేను పడ్డ భయమంతా ఒక్క మాటతో తీరింది: నిరామిష్. వెజిటేరియన్ అంటే అక్కడ ఉల్లి, వెల్లుల్లి ఉండవచ్చు. నిరామిష్ అంటే సాధారణంగా అవీ ఉండవు. నేను ఫోనులో వెతికి నేర్చుకున్న మాటను అమ్మ "అది మన నిరామిషమే కదరా" అని తేల్చేసింది. అన్నం ముందు శుక్తో వడ్డించారు. కాకర, అరటికాయ, మునక్కాయ, మన వడియాల్లాంటి బొరి వేసి వండిన చిరుచేదు కూర. తర్వాత పప్పు, గసగసాల ముద్దతో బంగాళాదుంప. చివర్లో తియ్యటి టమాటా చట్నీ. అమ్మ పచ్చడి అనుకుని మొదటి ముద్దలోనే కలిపేసి, నా వైపు కోపంగా చూసింది, నేనే వండినట్టు. పక్కనే నేను ఆవపిండి పట్టించిన చేప తింటున్నాను. ఆవనూనె ఘాటు మొదటిపూట ముక్కుకెక్కింది, మూడో పూటకు అది లేనిదే వెలితిగా ఉంది.

మ్యూజియంలో భర్హుత్ బౌద్ధ స్తూపం శిల్పాల గది దగ్గర అమ్మ కదల్లేదు. చెన్నైలో అమరావతి శిల్పాలు చూసిన మనిషి. ఇక్కడి ఎర్ర ఇసుకరాతి కంచె మీద చాలా కథలకు పక్కనే పేరు చెక్కి ఉందంటే, "మనవాళ్లూ రాసి ఉంటే బాగుండేది" అంది.

శనివారం దక్షిణేశ్వరం, ఆ తర్వాత విగ్రహాలు చేసేవాళ్ల పేట కుమార్‌టులి. సన్నటి సందులో రెండువైపులా సరస్వతులు. వెదురు మీద గడ్డి చుట్టి పురికొసతో బిగించినవి కొన్ని, మట్టి మెత్తి ఆరబెట్టినవి కొన్ని. ముఖం ఇంకా పెట్టని విగ్రహం చేతిలో అప్పుడే వీణ అమర్చుతున్నాడు ఒక కుర్రాడు. తడిమట్టి వాసన మధ్య అరగంట ఊరికే నిలబడ్డాం. పట్టికలో దానికి పది నిమిషాలు రాసుకున్నాను.

ఆదివారం తప్పు నాదే. టిరెట్టా బజారులో చైనీయుల ఉదయపు ఫలహారం కోసమే ఆ రోజును అట్టేపెట్టాను. నిద్ర లేచేసరికి ఏడున్నర. వెళ్లేసరికి గిన్నెలు కడుగుతున్నారు. అమ్మకు లోలోపల సంతోషమే. పక్క వీధిలో ఇంగువ కచోరీ దొరికింది, నాలుగు తింది.

జనవరి ఎందుకంటే నోలెన్ గుర్ కోసం. చలికాలంలో ఈతచెట్టు గీసి తీసిన రసాన్ని కాచి చేసే బెల్లం. మనవాళ్లు అదే చెట్టు నుంచి కల్లు తీస్తారు, వాళ్లు సందేశ్ మిఠాయి చేసుకుంటారు. ఎవరి సుఖం వారిది. అచ్చు కట్టిన బెల్లం రెండు కిలోలు తెచ్చుకున్నాం. రథసప్తమికి అమ్మ దానితోనే పరమాన్నం వండింది. పక్క సీటు ఆయనకు డబ్బాలో పట్టుకెళ్తే కళ్లు మూసుకుని ఒక చెంచా తిన్నారు. కళ్లు తెరిచి, "అంతా మా ఇంటి పాయేష్‌లాగే ఉంది. ఇందులో కర్పూరం ఎవరు వేశారు?" అన్నారు.