ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటోందా? ముందు దాని అడ్రస్ చూడండి

"నిన్న సాయంత్రం దాకా ప్రింట్లు బాగానే వచ్చాయి, పొద్దున్నుంచి ఆఫ్‌లైన్ అంటోంది." ఆఫీసుల్లో ప్రింటర్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఈ ఒక్క మాటే. వినగానే చాలామంది డ్రైవర్ (కంప్యూటర్లో ప్రింటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ వేస్తారు. ఒక్కోసారి పనిచేస్తుంది కూడా. నాలుగు రోజులకి మళ్లీ మొదటికే వస్తుంది. సాధారణంగా జరిగేది ఇది: రాత్రి కరెంటు పోయింది, వచ్చాక రౌటర్ ఆ ప్రింటర్‌కి వేరే ఐపీ అడ్రస్ ఇచ్చింది. కంప్యూటర్లు మాత్రం పాత అడ్రస్‌కే ఫైళ్లు పంపుతున్నాయి. అద్దెకున్నవాడు ఇల్లు మారితే పాత గుమ్మంలో ఉత్తరాలు పడుతున్నట్టు.

అందుకని కొత్త ప్రింటర్ పెట్టెలోంచి తీశాక మొదటి పని డ్రైవర్ వేయడం కాదు, దానికో స్థిరమైన అడ్రస్ ఇవ్వడం. ప్రింటర్ మెనూలోంచి నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ పేజీ ప్రింట్ తీయండి. అందులో రెండు విషయాలు కావాలి: ఇప్పుడున్న ఐపీ అడ్రస్, మ్యాక్ అడ్రస్. మ్యాక్ అంటే తయారీలోనే ప్రింటర్‌కి పడే గుర్తింపు సంఖ్య, రెండేసి అక్షరాల చొప్పున ఆరు జతలుగా ఉంటుంది. కేబుల్‌కి ఒకటి, వైఫైకి ఇంకొకటి ఉంటాయి. ఏ దారిలో కలుపుతున్నారో ఆ మ్యాకే రాసుకోవాలి. ఇక్కడ తప్పు చేసి, తర్వాత గంటసేపు తల పట్టుకునేవాళ్లు తక్కువేమీ కాదు.

తర్వాత రౌటర్ పేజీ తెరవండి. చాలా రౌటర్లకి 192.168.1.1 లేదా 192.168.0.1, జియోఫైబర్‌కైతే 192.168.29.1. డీహెచ్‌సీపీ (రౌటర్ తనంతట తనే అడ్రస్‌లు పంచే ఏర్పాటు) సెట్టింగ్స్‌లో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది. అక్కడ ఆ మ్యాక్‌కి, ఉదాహరణకి, 192.168.1.200 అని కట్టబెట్టేసి ప్రింటర్ ఆపి మళ్లీ వేస్తే ఇక ఎప్పుడు లేచినా అదే అడ్రస్ తీసుకుంటుంది. రౌటర్‌లో ఆ సౌకర్యం లేకపోతే ప్రింటర్‌లోనే మాన్యువల్‌గా పెట్టాలి: ఐపీ 192.168.1.200, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.1. అలా పెట్టేటప్పుడు రౌటర్ పంచిపెట్టే అడ్రస్‌ల వరుసని 2 నుంచి 180 దాకా కుదించేయండి. లేకపోతే ఎవరో విజిటర్ ఫోన్‌కి కూడా అదే 200 ఇచ్చేసి రెండూ కొట్టుకుంటాయి. చిన్న ఆఫీసుకైతే నా ఓటు రిజర్వేషన్‌కే. ఇంటర్నెట్ వాళ్లు రౌటర్ మార్చి 192.168.1 కాస్తా 192.168.29 అయితే, మాన్యువల్‌గా పెట్టిన ప్రింటర్ పాత వీధిలోనే ఉండిపోతుంది. రిజర్వేషన్‌లో ఉన్నదైతే కనీసం కొత్త వీధికి వచ్చి కనిపిస్తుంది.

ఇప్పుడు విండోస్ సంగతి. సెట్టింగ్స్‌లో యాడ్ డివైస్ నొక్కగానే ప్రింటర్ పేరు కనిపిస్తుంది, క్లిక్ చేస్తే పడిపోతుంది, టెస్ట్ పేజీ కూడా వస్తుంది. ఈ సులువుని నమ్మొద్దు. అలా పడినప్పుడు విండోస్ తరచుగా డబ్ల్యూఎస్‌డీ అనే పోర్టు (ప్రింటర్‌కి ఫైళ్లు పంపే దారి) తయారుచేసుకుంటుంది. ప్రింటర్ నెట్‌వర్క్‌లో "నేనున్నాను" అని చాటింపు వేస్తేనే ఈ పోర్టుకి దాని జాడ తెలుస్తుంది. ఆ చాటింపు వినపడని రోజు ప్రింటర్ ఎదురుగా ఉన్నా ఆఫ్‌లైనే.

బదులుగా యాడ్ డివైస్ నొక్కి కొన్ని సెకన్లు ఆగండి. అడుగున యాడ్ మాన్యువల్లీ అని వస్తుంది. అందులో టీసీపీ/ఐపీ అడ్రస్ లేదా హోస్ట్‌నేమ్ ద్వారా కలిపే ఆప్షన్ ఎంచుకోండి. డివైస్ టైప్ దగ్గర ఆటోడిటెక్ట్ అని వదిలేయకుండా టీసీపీ/ఐపీ డివైస్ అని పెట్టి, 192.168.1.200 కొట్టి, కింద ప్రింటర్‌ని అడిగి డ్రైవర్ తనే ఎంచుకునే టిక్ తీసేయండి. తర్వాత కంపెనీ వెబ్‌సైట్ నుంచి దించుకున్న డ్రైవర్‌ని హ్యావ్ డిస్క్ ద్వారా చూపించండి. ప్రోటోకాల్ రా, పోర్టు 9100. అంతే.

ఇప్పటికే డబ్ల్యూఎస్‌డీతో పడి ఉన్న ప్రింటర్‌ని తీసేయనక్కర్లేదు. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ ట్యాబ్‌కి వెళ్లి, యాడ్ పోర్ట్, స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్ అని ఐపీ ఇస్తే పోర్టు ఒక్కటే మారుతుంది. అక్కడే కాన్ఫిగర్ పోర్ట్ నొక్కితే ఎస్ఎన్ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్ అనే టిక్ కనిపిస్తుంది. ఐపీ సరిగ్గానే ఉండి, పింగ్‌కి (ఆ అడ్రస్‌లో ఎవరైనా ఉన్నారా అని తట్టి చూసే కమాండ్) జవాబిస్తూ కూడా ఆఫ్‌లైన్ అంటుంటే ఆ టిక్ తీసి చూడండి. విండోస్ యూడీపీ 161 పోర్టు మీద "బాగున్నావా" అని అడుగుతుంది. కొన్ని ప్రింటర్లు ఆ పలకరింపుకి బదులివ్వవు. బదులు రాకపోతే విండోస్ దాన్ని లేనట్టే లెక్కేస్తుంది.

మరో చిన్న టిక్: ప్రింటర్స్ అండ్ స్కానర్స్ పేజీలో డిఫాల్ట్ ప్రింటర్‌ని విండోస్‌కే వదిలేసే ఆప్షన్. దాన్ని ఆపేయండి. లేకపోతే చివరిసారి ఎక్కడ ప్రింట్ ఇచ్చారో అదే డిఫాల్ట్ అయిపోయి, జీతాల షీట్ వెళ్లి రిసెప్షన్ దగ్గర పడుతుంది.

పింగ్ గురించి ఒక కిటుకు. కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ కొట్టి 192.168.1.200 ఇస్తే జవాబు వస్తోంది, కానీ ప్రింట్ రావట్లేదు. అప్పుడు ప్రింటర్ స్విచ్ ఆపేసి మళ్లీ పింగ్ చేయండి. ఇంకా జవాబు వస్తుంటే ఆ అడ్రస్‌లో కాపురముంటున్నది మరొకటన్నమాట. సీసీ కెమెరా డీవీఆర్‌నో, బయోమెట్రిక్ హాజరు మిషన్‌నో అనుమానించండి. వాటిని బిగించేవాళ్లు ఎవర్నీ అడగకుండా 200 లాంటి గుండ్రటి అంకె ఇచ్చేసి వెళ్తుంటారు.

వైఫైలో మొదట చూడాల్సింది ప్రింటర్ ఏ బ్యాండ్ అందుకోగలదన్నది. చాలా ప్రింటర్లకి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప తెలియదు. 5 గిగాహెర్ట్జ్ పేరు వాటి జాబితాలోకే రాదు. గెస్ట్ వైఫైలో పెడితే మిగతా కంప్యూటర్లకి కనపడదు, గెస్ట్ నెట్‌వర్క్ ఉన్నదే అందుకు. అన్నిటికంటే చికాకు పెట్టేది రెండు రౌటర్ల వ్యవహారం. ఇంటర్నెట్ వాళ్లిచ్చిన రౌటర్ ఒకటి, సిగ్నల్ అందట్లేదని కొనుక్కొచ్చి తగిలించింది ఇంకొకటి. మొదటిది 192.168.1 వరుస ఇస్తుంది, రెండోది 192.168.0. రెండో రౌటర్ మీదున్న లోపలి గది లాప్‌టాప్‌లోంచి, మొదటి దాని మీదున్న బయటి గది ప్రింటర్‌కి వెళ్తుంది, బయటి కంప్యూటర్‌లోంచి లోపలి ప్రింటర్‌కి మాత్రం వెళ్లదు. రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మారిస్తే అంతా ఒకే వరుస అవుతుంది. వీలుంటే మాత్రం ప్రింటర్‌కి లాన్ కేబులే వేయండి. క్యాట్ 6 వైరు 100 మీటర్ల దాకా పోతుంది. కదలకుండా ఒకే మూల కూర్చునే వస్తువుకి వైఫై ఎందుకో నాకైతే అర్థం కాదు.

ఇక మన ఊళ్లలో అసలు బాధ యూఎస్‌బీ ప్రింటర్లది. క్యానన్ ఎల్‌బీపీ 2900 లాంటివి ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా పనిచేస్తాయి గానీ లాన్ పోర్టూ ఉండదు, వైఫై ఉండదు. వాటిని ఒక కంప్యూటర్‌కి తగిలించి షేర్ చేయాల్సిందే. చవగ్గా దొరికే యూఎస్‌బీ ప్రింట్ సర్వర్ డబ్బాలు ఇలాంటి వాటితో చాలావరకు కలవవు. పేజీని తయారుచేసే పని సగం కంప్యూటర్లో డ్రైవరే చేస్తుంది, ప్రింటర్‌తో అటూఇటూ మాట్లాడుతూ ఉంటుంది. ఆ సంభాషణ డబ్బా మోయలేదు.

షేర్ చేసే కంప్యూటర్లో నెట్‌వర్క్ ప్రొఫైల్ ప్రైవేట్‌గా ఉండాలి. ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చేయాలి. షేర్ పేరు ఖాళీలు లేకుండా పొట్టిగా పెట్టండి. స్లీప్ నెవర్ అని పెట్టండి, ఎందుకంటే ఆ కంప్యూటర్ కునుకు తీస్తే ఆఫీసంతా ఆగుతుంది. పాస్‌వర్డ్ లేకుండా షేర్ చేయడం అలవాటైపోయింది గానీ మానుకోండి. ప్రింట్ కోసమే ఒక యూజర్‌ని సృష్టించి, పాస్‌వర్డ్ పెట్టి, మిగతా కంప్యూటర్లలో క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఆ వివరాలు ఒక్కసారి ఇస్తే సరిపోతుంది. మామూలు విండోస్ 10 ప్రోకి ఒకేసారి 20 కనెక్షన్ల పరిమితి ఉందని కూడా గుర్తుంచుకోండి.

ఇంతా చేశాక 11బి అని ముగిసే ఎర్రర్ వస్తుంది. 2021 జూలైలో ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపం బయటపడింది. ప్రింట్ ఫైళ్లని వరసలో పెట్టి పంపే స్పూలర్ అనే విండోస్ ప్రోగ్రామ్ ద్వారా కంప్యూటర్ మొత్తాన్ని చేజిక్కించుకునే దారి అది. ఆ ఏడాది మైక్రోసాఫ్ట్ ప్రింటింగ్ చుట్టూ వరసగా తలుపులు బిగించింది. సెప్టెంబరు అప్‌డేట్ల తర్వాత షేర్డ్ ప్రింటర్లకి ఈ 11బి మొదలైంది. రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల పట్టిక) ఒక విలువని సున్నా చేస్తే పోతుందని నెట్లో అందరూ చెబుతారు. పోతుంది, కానీ బిగించిన తలుపు మీరే తీసినట్టు. దానికంటే ఇది మేలు: ఆ కంప్యూటర్లో డ్రైవర్ నేరుగా వేసి, మాన్యువల్‌గా యాడ్ చేసేటప్పుడు క్రియేట్ ఎ న్యూ పోర్ట్, లోకల్ పోర్ట్ ఎంచుకోండి. పోర్టు పేరుగా రెండు బ్యాక్‌స్లాష్‌లు, కంప్యూటర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, షేర్ పేరు. ఫైలు మామూలు ఫైల్ షేరింగ్ దారిలో వెళ్లిపోతుంది. విండోస్ 11 22హెచ్2 నుంచి వచ్చే 709 ఎర్రర్‌కి కూడా ఇదే మందు చాలాసార్లు పనిచేస్తుంది.

క్యూలో ఒక ఫైలు డిలీటింగ్ అని గంటలు గంటలు వేలాడుతుంటే సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్ ఆపి, సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లన్నీ తీసేసి, స్పూలర్ మళ్లీ మొదలుపెట్టండి. ఫోల్డర్‌ని మాత్రం తీయొద్దు, లోపలివి చాలు. ప్రింట్ ఇవ్వగానే లైటు మిణుకుమంటూ నిలబడిపోతే పేపర్ సైజు చూడండి. డ్రైవర్ లెటర్ సైజుతో పడి ఉంటుంది, ట్రేలో ఉన్నది ఏ4. లెటర్ 216×279 మిల్లీమీటర్లు, ఏ4 210×297. ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లో మారిస్తే ఆ ఒక్క యూజర్‌కే. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లోని ప్రింటింగ్ డిఫాల్ట్స్‌లో మారిస్తే అందరికీ. పేజీలకి పేజీలు పిచ్చి అక్షరాలు వస్తుంటే, పీసీఎల్ మాత్రమే తెలిసిన ప్రింటర్‌కి పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్ వేశారేమో చూడండి. ఈ రెండూ ప్రింటర్లు అర్థం చేసుకునే వేర్వేరు భాషలు.

బ్రాంచి నుంచి హెడాఫీసు ప్రింటర్‌కి ఇంటర్నెట్ మీద ప్రింట్ ఇవ్వాలంటే కొందరు రౌటర్‌లో 9100 పోర్టు తెరిచేస్తారు. ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. 9100కి పాస్‌వర్డ్ అడగడం తెలియదు, ఎవరు పంపినా అచ్చేస్తుంది. 2018 నవంబరులో ఒక అజ్ఞాత హ్యాకర్ ఇలా తెరిచి ఉన్న ప్రింటర్లకి, తన లెక్క ప్రకారం 50,000 యంత్రాలకి, ఒక యూట్యూబర్‌ని సబ్‌స్క్రైబ్ చేసుకోమని ప్రచార కాగితం పంపాడు. అసలు మన బ్రాడ్‌బ్యాండ్‌లు చాలావరకు ఒకే బయటి అడ్రస్‌ని పదిమందికి పంచుతాయి కాబట్టి తెరిచినా పనిచేయకపోవచ్చు. రౌటర్ వాన్ అడ్రస్ (ఇంటర్నెట్ వైపు దానికి వచ్చే అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీరూ ఆ ఉమ్మడి కుటుంబంలోనే ఉన్నట్టు.

సరైన దారి వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీదుగా రెండు చోట్లనీ కలిపే తాళం వేసిన సొంత దారి. వైర్‌గార్డ్ లేదా టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే బ్రాంచి లాప్‌టాప్‌కి 192.168.1.200 పక్క గదిలో ఉన్నట్టే దొరుకుతుంది. హెడాఫీసుకీ బ్రాంచికీ ఒకే 192.168.1 వరుస ఉంటే మాత్రం లాప్‌టాప్ తన పక్కనే వెతుక్కుంటుంది కాబట్టి ఒక చోట వరుస మార్చాలి. ఎప్పుడో ఒకటి రెండు కాగితాలకైతే కొన్ని హెచ్‌పీ, ఎప్సన్ మోడళ్లకి ఉండే ఈమెయిల్ ప్రింటింగ్ చాలు. ప్రింటర్‌కే ఒక మెయిల్ అడ్రస్ వస్తుంది, అటాచ్‌మెంట్ పంపితే అచ్చవుతుంది. పంపడానికి అనుమతి ఉన్నవాళ్ల జాబితా తప్పక పెట్టండి. ఆ ఫైళ్లు కంపెనీ సర్వర్ల మీదుగా వెళ్తాయి, ఆధార్, పాన్ కాపీలకి ఈ దారి వద్దు. గూగుల్ క్లౌడ్ ప్రింట్ 2020 డిసెంబరు 31తో ఆగిపోయింది. దాని మీద రాసిన పాత సలహాలు ఇప్పటికీ వెతుకులాటలో తగులుతుంటాయి, దాటుకుంటూ వెళ్లండి.

ట్యాలీని రిమోట్ డెస్క్‌టాప్‌లో, అంటే దూరాన ఉన్న కంప్యూటర్ స్క్రీన్‌ని ఇక్కడ తెరిచి, వాడేవాళ్లకి వేరే చిక్కు. కనెక్ట్ అయ్యే ముందు లోకల్ రిసోర్సెస్‌లో ప్రింటర్స్ టిక్ ఉంటేనే బ్రాంచి ప్రింటర్ అక్కడ కనపడుతుంది. దాని పేరు చివర రీడైరెక్టెడ్ అని ఒక అంకె చేరుతుంది, ఆ అంకె లాగిన్ అయిన ప్రతిసారీ మారొచ్చు. అందుకే నిన్న ఎంచుకున్న ప్రింటర్ ఇవాళ ట్యాలీకి దొరకదు. డాట్ మ్యాట్రిక్స్ అయితే అక్షరాలు బొమ్మగా వస్తాయి కాబట్టి బిల్లు నత్తనడక నడుస్తుంది.

దూరం నుంచి తెలుగు కాగితాలు పంపేటప్పుడు ఫైలుని పీడీఎఫ్ చేసే పంపండి. అను ఫాంట్లలో కొట్టిన వర్డ్ ఫైలుని అవి లేని కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల గందరగోళమే. యూనికోడ్‌లో గౌతమి వాడినా కొత్త విండోస్‌లో అది తెలుగు సప్లిమెంటల్ ఫాంట్లలో భాగం, విడిగా వేసుకుంటేనే ఉంటుంది. లేనిచోట వేరే ఫాంట్ వచ్చి పేజీలు జరిగిపోతాయి. పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ ట్యాబ్ తెరిచి, ఫాంట్ పేరు పక్కన ఎంబెడెడ్ సబ్‌సెట్ అని ఉందో లేదో చూసి పంపండి. అది ఉండి కూడా కాగితం మీద ఒత్తులు ఊడిపోయి వస్తుంటే అడోబీ రీడర్ ప్రింట్ బాక్సులో అడ్వాన్స్‌డ్ నొక్కి ప్రింట్ యాజ్ ఇమేజ్ టిక్ పెట్టండి. కాస్త నెమ్మదిగా వస్తుంది, ఒత్తులు మాత్రం ఉన్నచోటే ఉంటాయి.