రామప్ప నాగినికి నల్లరంగు వద్దు

పాలంపేట పోయి రామప్ప గుడి చూరు కింది నల్లరాతి నాగిని శిల్పాన్ని నీటిరంగుల్లో వేద్దామని కూర్చున్నవాళ్ల చేయి ముందుగా నల్ల ట్యూబు మీదికే పోతుంది. బొమ్మ అక్కడే సగం పాడవుతుంది. ట్యూబు నలుపు ఆరితే మసిగుడ్డలా ఉంటుంది. నున్నగా మెరుగుపెట్టిన ఆ రాయి ఒకవైపు ఆకాశాన్ని, ఇంకోవైపు ఎర్ర ఇసుకరాయి గోడను పట్టుకుంటుంది. అందుకే నలుపును కలుపుకోవాలి: రెండు పాళ్లు అల్ట్రామెరైన్, ఒక పాలు బర్న్ట్ సియెనా. ఆకాశం వైపు నీలం కాస్త ఎక్కువ, గోడ వైపు గోధుమ ఎక్కువ.

నీటిరంగుల్లో చీకటిని పలికించే ఈ విద్యలో ఫ్రాన్స్ చిత్రకారుడు గుస్తావ్ మోరోను మించినవాళ్లు తక్కువ. బైబిల్ కథలోని నర్తకి సలోమీని వేసిన 'అపారిషన్' (1876), గ్రీకు పురాణాల 'ఫేథాన్' (1878) రెండూ నీటిరంగులే. మొదటిది 106 సెంటీమీటర్ల ఎత్తు! అందరూ సలోమీ నగలే చూస్తారు. వాటి చుట్టూ ఉన్న చీకటిని తీసేస్తే అవి సున్నం చుక్కలు.

300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) కాటన్ కాగితాన్ని పది నిమిషాలు నానబెట్టి, పలక మీద గమ్ టేపుతో అంటించి ఆరనివ్వాలి. తొలి పూత పలుచని రా సియెనా (పసుపు గోధుమ), బొమ్మ ఒళ్లంతా. అది ఆరాక భుజం, మోకాలు, పాము పడగ వదిలేసి నలుపు మిశ్రమం పలుచగా వేయాలి. ఇలా నాలుగైదు పూతలు. వరంగల్ మే ఎండలో కుంచె ఆ చివరికి చేరేలోపు ఈ చివర ఆరిపోయి గీత పడుతుంది. పొద్దున ఆరింటికి, ఫ్యాను ఆపి వేయడమే మేలు. తడిమెరుపు పోయిన పూతలో మళ్లీ నీళ్ల కుంచె పెట్టారో, ఆ నీరు రంగును పక్కలకు నెట్టి గోబిపువ్వు మచ్చ చేస్తుంది. పూర్తిగా ఆరేదాకా ముట్టుకోవద్దు.

చివరి నీడల్లో గమ్ అరబిక్ రెండు మూడు చుక్కలు కలిపితే లోతు వస్తుంది. మన తుమ్మబంకకు అది చుట్టమే. ఎక్కువైతే పొర బీటలిస్తుంది.

నగలకు తెల్ల గువాష్ (కింది రంగును కప్పేసే నీటిరంగు) వెన్నలా చిక్కగా ఉండాలి. కుంచె సున్నా నంబరు. ముత్యానికి ఒక్క చుక్క, అదీ నడిమధ్య కాదు, వెలుగొచ్చే పక్కకు. బంగారం కావాలంటే ఆ తెలుపు ఆరాక పైన న్యూ గాంబోజ్ పసుపు ఒక్క గీత. రెండోసారి రుద్దితే తెలుపు కరిగి కింది నీలంతో కలిసి బూడిదైపోతుంది. కెంపులకు అలిజరిన్ క్రిమ్సన్ వాడకండి, వెలుతురుకు వెలిసిపోతుంది. క్వినాక్రిడోన్ ఎరుపు నిలుస్తుంది.

పాము పొలుసులన్నిటికీ చుక్కలు పెట్టబుద్ధవుతుంది. పడగ వంపు మీద ఏడెనిమిది చాలు, మిగతా ఒళ్లంతా చీకట్లోకి పోనివ్వండి.