ఒక కార్డు ముక్క

పన్నెండు కొట్టే వేళకి గేటు దగ్గర బండి ఆగిన చప్పుడైతే చేతిలో ఏ పనున్నా వదిలేసి బయటికి వెళ్తాను. మా పోస్ట్‌మన్ గారు మామూలు ఉత్తరాలు గేటు సందులోంచి లోపలికి వేసేస్తారు గానీ బొమ్మ కార్డు వస్తే మాత్రం చేతికే ఇస్తారు. "ఈసారి బొమ్మలో గుర్రం ఉందండీ, ఏ దేశమో చూడండి" అని నేను చెప్పేదాకా నిలబడతారు. మంగోలియా అని చెబితే ఆయన మొహంలో వచ్చిన వెలుగు చూడాలి, ఆ కార్డు నాదెంతో ఆయనదీ అంతే అనిపిస్తుంది.

మూడేళ్లుగా ముక్కూమొహం తెలియని వాళ్లకి కార్డులు రాస్తున్నాను, వేరే ముక్కూమొహం తెలియని వాళ్లు నాకు రాస్తున్నారు. దీని పేరు పోస్ట్‌క్రాసింగ్. పోర్చుగల్‌లో పావ్లో మగల్యాయిష్ అనే విద్యార్థి 2005 జులై 14న మొదలుపెట్టాడు, ఇప్పటికి 7 కోట్లకు పైగా కార్డులు అలా చేతులు మారాయి. పద్ధతి తేలికే. వాళ్ల సైట్‌లో చిరునామా అడిగితే ఎక్కడో ఒకరిది వస్తుంది, దాంతోపాటు ఒక నంబరు. కార్డు మీద ఆ నంబరు రాసి పోస్టు చేయాలి. అది అందినవాళ్లు నంబరు నమోదు చేయగానే మన చిరునామా ఇంకెవరికో వెళ్తుంది, వాళ్లు మనకి రాస్తారు. అంటే నేను రాసినవాళ్లు నాకు తిరిగి రాయరు. మొదట్లో ఇది నాకు వింతగా ఉండేది, ఇప్పుడు నాకు నచ్చేది ఇదే. బదులు చెప్పాలన్న బరువు అవతలివాళ్ల మీద ఉండదు. కొత్తవాళ్లకి ఒకేసారి 5 చిరునామాలే ఇస్తారు, అవి అందేకొద్దీ ఆ సంఖ్య పెరుగుతుంది.

చిన్నప్పుడు మా ఇంట్లో ఉత్తరాలన్నీ వంచిన ఇనప తీగకి గుచ్చి వాసానికి వేలాడదీసేవారు. సగానికి సగం కార్డులే. నాలుగు మూలలా పసుపు పూసి ఉంటే పెళ్లి కబురు. "ఉభయకుశలోపరి" అని మొదలై, చోటు చాలక అంచుల వెంట అడ్డంగా తిరిగి, చిరునామా పక్క దాకా పాకే అక్షరాలు. ఊరు దాటి వెళ్లేవాళ్లకి అమ్మ చెప్పే ఒకే మాట, "చేరగానే ఓ కార్డు ముక్క రాయండి". ఆ తీగ ఎక్కడికి పోయిందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు, వెతికినా దొరకలేదు. అందుకే నాకు వచ్చిన కార్డులు డబ్బాలో పెట్టబుద్ధి కాలేదు, కొత్త తీగ కొని వంచుకున్నాను గానీ గుచ్చడానికి మనసు రాక క్లిప్పులు పెట్టి వేలాడదీశాను.

మొదటి పది పదిహేను కార్డుల్లో నేను రాసింది తలుచుకుంటే, పాపం చదివినవాళ్లకి ఏం తెలిసి ఉంటుంది అనిపిస్తుంది. రాజమండ్రి గోదావరి ఒడ్డున ఉంటుంది, ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ దొర కట్టించాడు, పన్నెండేళ్లకోసారి పుష్కరాలు... అన్నీ నిజాలే. కానీ నాకు వచ్చినవాటిలో ఏవి మళ్లీ మళ్లీ తీసి చదువుతున్నానో చూసుకుంటే అవన్నీ వేరే రకం. జర్మనీ నుంచి ఒకావిడ తన పెరట్లో చెర్రీలు కోసి 14 సీసాల్లో పెడితే రెండు సీసాలు పగిలాయని రాసింది. తైవాన్ నుంచి ఒక బడిపిల్లాడు రేపు లెక్కల పరీక్ష, రబ్బరు పోయింది అన్నాడు. ఫిన్లాండ్ నుంచి ఒకాయన, బయట మంచు పడుతోంది, కుక్క గుమ్మం దాటనంటోంది అని రెండే వాక్యాలు రాసి మిగతా చోటంతా ఆ కుక్క బొమ్మ గీశాడు. అప్పటినుంచి నేనూ ఆ రోజు మా ఇంట్లో ఏం జరిగిందో అదే రాస్తున్నాను. ఆవకాయకి కాయలు తుడిచి ఆరబెట్టడం, ఒక్క చుక్క తడి తగిలినా జాడీ అంతా పాడవుతుందని అత్తయ్యగారు పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వకపోవడం. ఆ కార్డు నమోదు చేస్తూ ఇటలీ నుంచి పంపిన మెసేజ్ నాలుగు పేరాలుంది, మా నానమ్మ కూడా టమాటా గుజ్జు దగ్గర ఇలాగే చేసేది అని.

ఒక కార్డు గురించి మాత్రం చెప్పి తీరాలి. పోయిన ఏడాది ఆగస్టులో వారం రోజులు ఆగని ముసురు. ఒక కార్డు తడిసి వచ్చింది. వెనక్కి తిప్పితే నీలం సిరా అంతా చెరువులా పరుచుకుని ఉంది. చిరునామా వేరే పెన్నుతో రాసినట్టున్నారు, అది మాత్రం నిలబడింది. నంబరు చూస్తే చివరి రెండంకెలు తప్ప ఏమీ కనబడలేదు. నంబరు లేకపోతే నమోదు చేయలేను, పంపినవాళ్లకి అది చేరినట్టే తెలియదు, 60 రోజులు దాటితే గడువు తీరిన లెక్కలోకి పోతుంది. ఫ్యాను కింద ఆరబెట్టాను, భూతద్దం పెట్టి చూశాను, దీపానికి అడ్డంగా పట్టి చూశాను. పెన్ను నొక్కిన గీతలు లీలగా తగిలాయి. ఒక పదం "అమ్మమ్మ" అనే అర్థం వచ్చే పోలిష్ మాట అని పోల్చుకున్నాను, స్టాంపు కూడా పోలాండ్‌దే. ఇలాంటి వాటికోసం సైట్‌లో ఒక ఫారం ఉంటుంది, దేశం, బొమ్మ, కనబడిన అంకెలు, ఏ రోజు అందిందో అన్నీ రాసి పంపాను. రెండు రోజుల తర్వాత నంబరు పంపించారు! నమోదు చేసిన గంటకే ఆ అమ్మాయి దగ్గర్నుంచి మెసేజ్. కార్డులో ఏం రాసిందో మొత్తం మళ్లీ టైపు చేసి పంపింది. వాళ్ల అమ్మమ్మ ఇంటికి వెళ్లినప్పుడు ఆవిడ పక్కన కూర్చుని రాసిందట, "ఇండియాకి చేరుతుందా" అని ఆవిడ రోజూ అడుగుతోందట.

అప్పటినుంచి జెల్ పెన్ను ముట్టుకోలేదు, బాల్ పెన్నే. నంబరు రెండు చోట్ల రాస్తాను, పైన ఒకసారి, రాత మధ్యలో ఒకసారి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. స్టాంపుల గురించి కూడా, పెద్ద విలువది ఒకటి అతికించే బదులు చిన్నవి మూడు నాలుగు రకాలు అడిగి తీసుకోండి, అవతలివాళ్లు సంబరపడతారు. బొమ్మ కార్డులు మన దగ్గర దొరకడం కష్టమే. నేను తీసిన ఫొటోలే మందపాటి కాగితం మీద ప్రింటు వేయించుకుంటున్నాను.

ఇంకో సంగతి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. నేను ఇక్కడ కొన్న స్టాంపుకి డబ్బు తీసుకున్నది మన తపాలా శాఖ, కానీ ఫిన్లాండ్‌లో మంచులో నడిచి ఆ కార్డు ఇంటికి చేర్చేది వాళ్ల పోస్ట్‌మన్. 1874లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో దేశాలు కూర్చుని, ఒకరి టపా ఇంకొకరు మోయాలని ఒప్పందం రాసుకున్నాయి, ఇండియా 1876లో చేరింది. అసలు కార్డు పుట్టింది ఆ ఒప్పందానికి ఐదేళ్ల ముందే, 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగరీలో. అందుకే అక్టోబరు 1న మేమంతా పోస్ట్‌కార్డు దినం చేసుకుంటాం. మన దేశంలో కార్డు వచ్చింది 1879లో, వెల కాణీ, అంటే అణాలో నాలుగో వంతు.

ఈ రోజు వచ్చిన చిరునామా చెక్ దేశంలో ఒక చిన్న ఊరిది. ఆయన రైలు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారట, "మీ ఊళ్లో రైళ్ల గురించి ఏదైనా చెప్పండి" అని సైట్‌లో తన పేజీలో రాసుకున్నారు. మా గోదావరి మీది వంతెనల ఫొటో ఒకటి తీసి పెట్టాను. 1997 నుంచి పాత హేవలాక్ వంతెన మీద రైళ్లు తిరగడం లేదనీ, దాని పక్కన విల్లుల్లా వంగిన వంతెన మీద తిరుగుతున్నాయనీ రాయొచ్చు. కానీ ఉన్నవి ఎనిమిది వరసలే. రాత్రిళ్లు ఊరు సద్దుమణిగాక రైలు వంతెన ఎక్కితే మా డాబా మీదికి ఆ చప్పుడు ఎలా వస్తుందో రాస్తాను. రైలు గోదావరి మీదికి రాగానే పడుకున్నవాళ్లు కూడా లేచి, కిటికీలోంచి రూపాయి బిళ్ల నీళ్లలోకి విసిరి దండం పెట్టుకుంటారనీ, మా చిన్నబ్బాయి విసిరిన బిళ్ల ఒకసారి ఊచకి తగిలి ఠంగుమని మళ్లీ వాడి ఒళ్లోనే పడిందనీ రాస్తాను. పొద్దున తొమ్మిదిన్నరకి డబ్బా తీస్తారు, ఆలోపు వేసి రావాలి.