టీఎంసీ అంటే ఎంత నీళ్లు?

వడగళ్లు నిమ్మకాయంత సైజులో పడ్డాయని పేపర్లో రాస్తే మా గూడూరు వైపు వాళ్లకి ఇట్టే అర్థమవుతుంది, నిమ్మతోటల మధ్య పెరిగినోళ్లం కదా. అదే గ్రహశకలం రెండు ఫుట్‌బాల్ మైదానాలంత ఉందంటే? నేను ఆడిందంతా కోతలయ్యాక పొలాల్లో క్రికెట్టే.

ఇక పెన్నా మీదున్న మా సోమశిల జలాశయం సంగతి. పూర్తిగా నిండితే 78 టీఎంసీలు. ఒక్క టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు, దాదాపు 2,832 కోట్ల లీటర్లు, ఒలింపిక్ ఈతకొలనులైతే 11 వేల పైచిలుకు. ఇంత చెప్పినా నా కళ్ల ముందు ఏ బొమ్మా రాదు. మా నాన్న లెక్క వేరు: సుమారు 11,600 క్యూసెక్కులు (క్యూసెక్కంటే సెకనుకో ఘనపుటడుగు నీళ్లు) ఒక పగలూ రాత్రీ ఆగకుండా వదిలితే ఒక టీఎంసీ పోయినట్టు. వరదప్పుడు పెన్నా ఒడ్డున నిలబడినోడికి అది చాలు. పేపరోళ్లు నెల్లూరు చెరువు లెక్కలో ఎందుకు చెప్పరో మరి!