కార్డు పీకే ముందు ఒక్కసారి మీటర్ పెట్టి చూడండి

ఒక కన్వేయర్ రాత్రి షిఫ్టులో రెండు మూడు సార్లు ఊరికే ఆగిపోయేది. దాన్ని నడిపే పీఎల్‌సీ (మెషీన్లని నడిపే కంట్రోల్ కంప్యూటర్) ప్రోగ్రామ్‌లో చూస్తే లిమిట్ స్విచ్ ఇన్‌పుట్ ఒకటి అర సెకను పడిపోయి మళ్లీ వస్తోంది. స్విచ్ కొత్తదే కాబట్టి అనుమానమంతా ఆ సిగ్నల్‌ని పీఎల్‌సీకి అందించే ఇన్‌పుట్ కార్డు మీదకి పోయింది, మార్చేశాం. రెండు రోజులు హాయిగా నడిచింది. మూడో రోజు మళ్లీ అదే ట్రిప్, ప్రోగ్రామ్‌లో పడిపోయింది అదే బిట్ (ఆ ఇన్‌పుట్ ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో చూపేది). ఆ రాత్రి పడిన టెన్షన్ మామూలుది కాదు, ఎందుకంటే స్పేర్ కార్డు కూడా అయిపోయింది.

తప్పు ఎక్కడ జరిగిందంటే, మేం వైరు ఊడదీసి దాని చివర మీటర్ పెట్టి 24 వోల్టులు చూసి "సప్లై బాగానే వస్తోంది, కార్డే పోయింది" అని తేల్చేశాం. మీటర్ దాదాపు ఏమీ కరెంటు తీసుకోదు. దారిలో ఎక్కడైనా తుప్పు పట్టిన జాయింటు ఉన్నా, కరెంటు పారనప్పుడు అక్కడ వోల్టేజీ పడదు, అందుకే మీటర్ 24 చూపిస్తుంది. అదే వైరు కార్డుకి బిగిస్తే ఇన్‌పుట్ కొన్ని మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, అప్పుడు ఆ జాయింటు దగ్గరే సగం వోల్టేజీ పోతుంది. ఈసారి వైరు బిగించి ఉంచి, టెర్మినల్ స్క్రూ మీద ప్రోబ్ పెట్టి చూశాను. స్విచ్ ఆన్‌లో ఉండగా 10 వోల్టులు, ఒక్కోసారి 9.

24 వోల్టుల డీసీ ఇన్‌పుట్లలో టైప్ 1 అనే రకానికి పీఎల్‌సీల అంతర్జాతీయ స్టాండర్డ్ ఐఈసీ 61131-2 ప్రకారం 15 వోల్టులు దాటితే ఆన్, 5 కంటే తగ్గితే ఆఫ్. మధ్యలో ఉంటే కార్డు ఏమనుకుంటుందో ఎవరూ గ్యారంటీ ఇవ్వరు. ఒక కార్డు 8 దగ్గర ఆన్ అనొచ్చు, ఇంకొకటి 11 దగ్గర. కొత్త కార్డుతో రెండు రోజులు నడవడానికి కారణం ఇదే అయి ఉండాలి, లేదా మార్చేటప్పుడు వైర్లు కదిలి జాయింటు కాస్త అతుక్కుని ఉండాలి. కార్డు మార్చగానే సమస్య పోయిందంటే కార్డే తప్పు అని రుజువైనట్టు కాదు, దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

అసలు దోషం ఫీల్డ్‌లో, అంటే ప్యానెల్ బయట మెషీన్ వైపు, జంక్షన్ బాక్సులో దొరికింది. కేబుల్ లోపలికి వెళ్లే చోట బిగించే గ్లాండ్ లూజుగా ఉండి తేమ చేరింది, టెర్మినల్‌కి పచ్చగా చిలుము పట్టేసింది.

అప్పటినుంచి నేను చేసే పని ఒకటే, ముందు టెర్మినల్ దగ్గర గీత గీసి దోషం కార్డు వైపా, ఫీల్డు వైపా తేల్చుకోవడం. ఫీల్డ్ వైరు తీసి, కార్డులో ఆ ఛానల్‌కి (ఆ ఒక్క ఇన్‌పుట్‌కి) నేరుగా 24 వోల్టులు ఇస్తాను. కార్డు మీద దాని ఎల్‌ఈడీ వెలిగి ప్రోగ్రామ్‌లో బిట్ మారితే కార్డు బాగున్నట్టే. ఎల్‌ఈడీ వెలిగినా బిట్ మారకపోతే లోపల ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ని వెలుగు ద్వారా దాటించే భాగం) పోయి ఉండొచ్చు, లేదా ఎవరో ఆ బిట్‌ని ఫోర్స్ చేసి, అంటే ప్రోగ్రామ్ నుంచి బలవంతంగా ఒకే స్థితిలో పెట్టి, మర్చిపోయి ఉండొచ్చు, కాబట్టి ఫోర్స్ టేబుల్ ముందే చూడండి. ఇలా వోల్టేజీ ఇచ్చే ముందు ఆ బిట్ వస్తే ఏ మోటారు కదులుతుందో, పోతే ఏది ట్రిప్ అవుతుందో ప్రోగ్రామ్‌లో చూసుకుని, మెషీన్ దగ్గర మనుషులు లేకుండా చేసుకుని, ఆపరేటర్‌కి చెప్పి అప్పుడే ముట్టుకోండి. ఇందులో తొందర అస్సలు వద్దు. కరెంటు ఉండగా కార్డు లాగడం కూడా అంతే, అన్ని సిస్టమ్‌లూ ఒప్పుకోవు, మాన్యువల్‌లో హాట్ స్వాప్ అని ఉంటేనే.

ఒకేసారి ఎనిమిది ఛానళ్లు పిచ్చిగా ప్రవర్తిస్తే మాత్రం ఒక్కొక్క సెన్సర్ వెంట తిరగకండి, ఆ గ్రూపు అన్నిటికీ ఉమ్మడిగా ఉండే కామన్ వైరు బిగించి చూడండి. సెన్సర్ ఆఫ్‌లో ఉన్నా ఇన్‌పుట్ ఆన్‌లోనే ఉండిపోతే, అది రెండు వైర్ల ప్రాక్సిమిటీ సెన్సరా (వస్తువు దగ్గరికి వస్తే తాకకుండానే పట్టేది) అని చూడాలి, వాటిలో ఆఫ్‌లో కూడా కొద్దిగా కరెంటు లీక్ అవుతుంది, ఇన్‌పుట్‌కి ప్యారలల్‌గా సరైన రెసిస్టర్ పెడితే సరిపోతుంది. ఆన్/ఆఫ్ కాకుండా కొలత పంపే అనలాగ్ ఇన్‌పుట్‌కి కూడా ఇదే పద్ధతి: ట్రాన్స్‌మిటర్ (కొలత పంపే పరికరం) వైర్లు తీసి క్యాలిబ్రేటర్‌తో 12 మిల్లీ ఆంపియర్లు ఇస్తే, 4-20 మిల్లీ ఆంపియర్ల ఛానల్ 50 శాతం చూపించాలి. చూపించిందంటే కార్డు జోలికి పోకుండా కేబుల్ పట్టుకుని ఫీల్డ్‌లోకి నడవాల్సిందే.

జంక్షన్ బాక్సులో టెర్మినల్ మార్చి, వైరు చివర కత్తిరించి కొత్త ఫెర్రూల్ (వైరు చివర తొడిగే లోహపు గొట్టం) వేశాక కార్డు దగ్గర 23.6 వోల్టులు వచ్చింది, ట్రిప్ మళ్లీ రాలేదు. తర్వాత ఖాళీ దొరికినప్పుడు ముందు తీసి పడేసిన కార్డుని బెంచి మీద పెట్టి 16 ఛానళ్లకీ వరసగా 24 వోల్టులు ఇచ్చి చూశాను. పదహారూ వెలిగాయి, పదహారు బిట్లూ మారాయి. దాని మీద అంటించిన "ఫాల్టీ" స్టిక్కర్ పీకేసి స్పేర్ల ర్యాకులో పెట్టాను.