పద్దెనిమిదో రోజు మాస్కు

ఉదయం ఏడు గంటలకల్లా, క్యాన్సర్‌కు కిరణాలిచ్చే లీనియర్ యాక్సిలరేటర్ యంత్రం ఉన్న గదిలో రోజువారీ కొలతలు ముగించాను. 6 ఎం.వి. (మెగావోల్టుల) ఎక్స్‌రే కిరణం మోతాదులో నిన్నటికీ నేటికీ అర శాతం తేడా కూడా లేదు. మూడు శాతం దాటితే రోగులను లోపలికి పిలవము కనుక, ఈ అంకె పుస్తకంలో రాసుకున్నాకే నాకు రోజు మొదలైనట్టు ఉంటుంది.

నాలుక మొదట్లో క్యాన్సర్ వచ్చి, వరంగల్ వైపు నుండి వస్తున్న ఒక రైతుకు ఇవాళ పద్దెనిమిదో చికిత్స. మన ఊళ్లలో ‘కరెంటు పెట్టడం’ అనే ఈ చికిత్సను ఆయనకు ఏడు వారాల్లో 35 సార్లు, ఒక్కోసారి 2 గ్రేల (గ్రే అంటే కిరణాల మోతాదుకు కొలమానం) చొప్పున, మొత్తం 70 గ్రేలు ఇవ్వాలని నిర్ణయించారు. బల్ల మీద పడుకోబోతూ ఆయన, “మొదట్ల దవడ కాడ గట్టిగ ఒత్తుతుండె సారూ, ఇప్పుడు మంచిగ గాలాడుతుంది” అన్నాడు. ఆ ముఖంలోని ఊరట చూసి నాకు గుబులు పుట్టింది. తల కదలకుండా పట్టి ఉంచడానికే ఆ మాస్కును ఆయన ముఖం మీద పోతపోసినట్టు తయారుచేశాము. అందులో గాలి ఆడుతోందంటే మనిషి చిక్కిపోయాడని అర్థం. గొంతు పుండై గంజి కూడా దిగడం లేదని, అయిదు కిలోలు తగ్గాడని ఆయన భార్య బయట చెప్పింది.

యంత్రానికే అమర్చిన కోన్ బీమ్ సీటీతో తీసిన చిత్రాన్ని, చికిత్సకు ముందు తీసిన సీటీ మీద పరిచి చూశాను. వెన్నుపూసలు చక్కగా కలిశాయి కానీ చర్మం గీతలు కలవలేదు. మెడ సన్నబడితే కిరణానికి అడ్డుపడే కండ తగ్గుతుంది కాబట్టి లోపలి వెన్నుపాముకు మనం లెక్కవేసిన దానికన్నా ఎక్కువ మోతాదు చేరే ప్రమాదం ఉంది. అంతకన్నా నన్ను కలవరపెట్టేది చెవి కింద ఉండే, లాలాజలం ఊరే పెరోటిడ్ గ్రంథి. అది చిక్కిపోవడమే కాక లోపలి వైపుకు, అంటే కిరణాలు ఎక్కువగా పడే చోటికే జరుగుతుంది. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ కేంద్రం పరిశోధకులు 14 మంది రోగులను చికిత్స పొడవునా సీటీ తీస్తూ గమనించి, ఈ గ్రంథి దాదాపు 3 మిల్లీమీటర్లు లోపలికి జరిగిందని 2004లో రాశారు. మూడు మిల్లీమీటర్లంటే రెండు బియ్యపు గింజల మందం. అయినా ఈ గ్రంథికి చేరే సగటు మోతాదును 26 గ్రేల లోపు ఉంచాలని మేము పెనుగులాడేటప్పుడు ఆ మాత్రం జరగడమే లెక్కంతా తారుమారు చేయగలదు.

ఈ పట్టుదల దేనికని అడిగే విద్యార్థులకు నేను పార్‌స్పోర్ట్ అధ్యయనం గురించి చెబుతాను. 2011లో వెలువడిన ఆ బ్రిటిష్ అధ్యయనంలో పాత పద్ధతిలో చికిత్స పొందినవారిలో ఏడాది తర్వాత 74 శాతం మందికి నోరు బాగా ఎండిపోగా, పెరోటిడ్‌ను తప్పించి కిరణాలిచ్చినవారిలో అది 38 శాతమే. లాలాజలం లేని నోటికి అన్నం ముద్ద మింగుడుపడదు, పళ్లు పుచ్చిపోతాయి, రాత్రి నీళ్ల కోసం పదే పదే లేవాల్సి వస్తుంది. క్యాన్సర్ నయమైన మనిషి మిగిలిన జీవితమంతా ఎలా తింటాడన్నది కూడా మా ప్లాన్‌లోనే ఉంటుంది.

మధ్యాహ్నం డాక్టరుగారు చిత్రాలు చూసి, కొత్త మాస్కు, కొత్త సీటీ అవసరమని నిర్ణయించారు. వేడినీళ్లలో మెత్తబడిన ప్లాస్టిక్ పలకను ముఖం మీద పరిచి, గట్టిపడేదాకా కొద్ది నిమిషాలు పట్టుకున్నాము. ఆయన కళ్లు మూసుకుని ఓపికగా పడుకున్నాడు. తర్వాత పాత మాస్కులో కొత్తదాన్ని ఉంచి చూస్తే దవడ దగ్గర నా చిటికెన వేలు దూరింది.

నా పరిశోధన సరిగ్గా ఈ సందు గురించే. ప్రతి రోగికీ వారం వారం కొత్త సీటీ తీయలేము. కోన్ బీమ్ చిత్రం రోజూ దొరుకుతుంది కానీ, చెదిరిన కిరణాల వల్ల అందులోని బూడిద రంగు అంకెలను నమ్మి మోతాదు లెక్కకట్టలేము. అందుకని మొదటి సీటీనే కంప్యూటరుతో సాగదీసి, కుదించి, నేటి ఆకారానికి తెస్తాము. ఇక్కడే నాకు పూర్తి నమ్మకం కుదరడం లేదు. కరిగిపోయిన కొవ్వుకు నేటి చిత్రంలో జోడీ ఉండదు, కానీ ప్రోగ్రాము మాత్రం లేనిదాన్ని ఎక్కడికో జరిగినట్టుగా భావించి నునుపైన, చూడముచ్చటైన చిత్రాన్ని ఇస్తుంది. చూపుకు అందంగా ఉన్నంత మాత్రాన దాని మీద లెక్కించిన మోతాదు నిజమవుతుందా? అదృష్టవశాత్తూ ఇవాళ రెండూ ఉన్నాయి కాబట్టి, సాయంత్రమంతా కొత్త సీటీలో పెరోటిడ్ అంచును గీసి, ప్రోగ్రాము ఊహించిన అంచుతో పోల్చాను. బయటి అంచు బాగానే కలిసింది. లోపలి అంచు మాత్రం చాలా స్లైసుల్లో (సీటీ చూపే అడ్డకోతల్లో) రెండు మిల్లీమీటర్లు తప్పింది. తప్పు ప్రోగ్రాముదో నా చేతిదో తేలాలంటే, నా గీత చూపించకుండా డాక్టరుగారితో మళ్లీ గీయించాలి.

కొత్త ప్లాన్ రాత్రి ఎనిమిదింటికి సిద్ధమైంది. రేపు రోగులు రాకముందే దాన్ని ఫాంటమ్ మీద, అంటే రోగికి బదులు పెట్టే నమూనా మీద, కొలిచి చూడాలి కాబట్టి ఆరింటికే బయలుదేరాలి.