ఆకాశరామన్న ఉత్తరానికొక రాతి నోరు

వెనిస్‌లో డోజ్ (ఒకప్పటి వెనిస్ రాజ్యాధినేత) ప్యాలెస్‌లో ఈ రోజు చూసిన వర్ణచిత్రాలు, బంగారు పూత పైకప్పులు అప్పుడే కలగాపులగమైపోతున్నాయి గాని, గోడలో పొదిగిన ఒక రాతి ముఖం మాత్రం ఇంత రాత్రయినా నన్ను వదలడం లేదు. దాని నోరు ఉత్తరాలు వేయడానికి తొలిచిన రంధ్రం. వీటిని సింహపు నోళ్లంటారు గాని, ఇది కనుబొమలు ముడిచిన మనిషి ముఖంలా ఉంది. పదవులనూ వాటి అసలు రాబడినీ దాచేవారి మీద, అందుకు కుమ్మక్కయ్యేవారి మీద రహస్య ఫిర్యాదులు ఇక్కడ వేయాలని కింద చెక్కారు.

ఉదయం నడక బాగానే సాగింది. ప్రాంగణంలో మార్స్, నెప్ట్యూన్ విగ్రహాలున్న మెట్ల పైభాగాన కొత్త డోజ్‌కు కిరీటధారణ జరిగేదని చదివి, అక్కడే కాసేపు నిలబడ్డాము. సుమారు 53 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు ఉన్న మహాసభ మందిరంలో చిన్నవాడు కూడా మాట మరిచిపోయాడు.

నా మనసు విరిగినది ఆ రాతి ముఖం దగ్గరే. జనం వరుసగా వచ్చి దాని నోట్లో వేళ్లు పెట్టి, కొరికినట్టు అరుస్తూ ఫోటోలు దిగుతున్నారు. ఒక గైడు తన బృందానికి ఇదంతా నవ్వుతాలు కథగా చెప్పి, వారిని తొందరగా ముందుకు తోలుకుపోయాడు. మన పిల్లలు కూడా ఆ వరుసలో నిలబడితే ఈయన ఫోను తీశారు. నేను వద్దన్నాను. ఎందుకని అడిగితే అక్కడ చెప్పలేకపోయాను.

నాన్నగారు సమితి కార్యాలయంలో పని చేస్తున్న రోజుల్లో, బడి గదుల సిమెంటు అమ్ముకున్నారని ఆయన మీద ఒక ఆకాశరామన్న ఉత్తరం వెళ్లింది. విచారణాధికారి మా వసారాలోనే కుర్చీ వేయించుకుని, ఊళ్లో కొట్ల వాళ్లను ఒక్కొక్కరినే పిలిపించి అడిగారు. ఆ వానాకాలమంతా అమ్మ ఇరుగుపొరుగు ఇళ్లకు పోలేదు. చివరికి ఏమీ లేదని తేలింది. అయితే ఆ ఉత్తరాన్ని నాన్నగారికి ఒకసారి చూపించారు. అందులోని 'ణ' ఒక పక్కకు ఒరిగి ఉండేదట. ఆ తరువాత ఏళ్ల తరబడి కొట్టు పద్దుల్లో, శుభలేఖల కవర్ల మీద, చివరికి మా బాబాయి రాసిన కార్డుల్లో కూడా ఆయన ఆ అక్షరాన్నే వెతికేవారు. మనుషుల మీద నమ్మకం పోవడమంటే ఏమిటో నేను ఆయన ముఖంలో చూశాను.

అందుకే ఆ రాతి నోటిని చూడగానే, ఇంత గొప్ప రాజ్యం ఇంత నీచమైన పనికి గోడలో చోటిచ్చిందా అని మండిపోయాను. తరువాత, రాజ్యభద్రత చూసేందుకు 1310లో ఏర్పడిన పదిమంది మండలి గదిలోని బల్ల మీద కూర్చుని, వివరాలు చదివాను. సంతకం లేని ఉత్తరం వస్తే, దాన్ని అసలు విచారించాలా వద్దా అన్న దాని మీదే మండలిలో ముందు ఓటు జరగాలట. మామూలు మెజారిటీ చాలదట. నాన్నగారి విషయంలో ఆ మాత్రం జల్లెడ కూడా లేదు. అదీగాక, 1355లో కుట్ర నేరం మీద మరీనో ఫలియేరో అనే డోజ్ తలనే తీయించిన మండలి అది. అంతటి అధికారుల మీద నోరు విప్పదలచిన చిన్న గుమాస్తా తన పేరు ఎలా రాస్తాడు?

అప్పుడు మరొకటి గుర్తుకొచ్చింది. ఉద్యోగం చివరి ఏళ్లలో, తనకింద పనిచేసేవారి మీద పేరు లేని ఉత్తరాలు వచ్చినప్పుడు, నాన్నగారు వాటిని చించేవారు కాదు. ఎవరి పేరూ ఫైలుకెక్కించకుండా, సాయంత్రం తానే సైకిల్ మీద వెళ్లి నిజమేమిటో చూసి వచ్చేవారు. అంత బాధ పడిన మనిషి అలా ఎందుకు చేసేవారో నేను ఏనాడూ అడగలేదు.

రేపు అమ్మకు ఫోన్ చేసి, ఆ పాత ఉత్తరం నకలు ఆయన పెట్టెలో ఉందేమో చూడమనాలి. ఇన్నేళ్లూ అది కంట పడకూడదనే అనుకున్నాను. ఇప్పుడు పూర్తిగా చదవాలని ఉంది. సిమెంటు మాట అబద్ధమే అయినా, రాసినవాడు అందులో ఇంకేమి మొరపెట్టుకున్నాడో.